లినక్స్‌లో ఇన్ని రకాలెందుకు? వైవిధ్యానికీ చీలికకూ మధ్య గీత ఎక్కడుంది?

ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల గురించి మాట్లాడుకుంటున్నాం కదా, ఇవాళ ఒక పాత గొడవను ముందేసుకుందాం. లినక్స్ వాడదామని అనుకున్న ప్రతి ఒక్కరూ మొదటి రోజే అడిగే ప్రశ్న ఇది. "సార్, విండోస్ అంటే విండోసే. మ్యాక్ అంటే మ్యాకే. మరి లినక్స్ అంటే ఉబుంటునా, డెబియన్‌నా, ఫెడోరానా, మింట్‌నా, ఆర్చ్‌నా? ఇందులో ఏది అసలుది?"

దీనికి రెండు రకాల జవాబులు వినిపిస్తుంటాయి. ఒక వర్గం ఇదే మన బలం అంటుంది, ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోవచ్చు అంటుంది. రెండో వర్గం ఇదే మన కొంప ముంచింది అంటుంది. అందరూ కలిసి ఒకటే చేసి ఉంటే ఈపాటికి ప్రతి ఇంట్లో లినక్స్ ఉండేది అని వాళ్ల వాదన. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇద్దరూ సగం సగం నిజమే చెబుతున్నారు. ఎన్ని రకాలున్నాయన్నది అసలు ప్రశ్నే కాదు. తేడా ఏ అంతస్తులో ఉంది, ఆ తేడా ఖర్చు ఎవరు భరిస్తున్నారు అన్నది ప్రశ్న. ఈ రెండు కొలతలు చేతిలో ఉంటే ఏది వైవిధ్యమో, ఏది చీలికో మీరే తేల్చుకోగలరు.

ముందు "డిస్ట్రో" అంటే ఏంటో చూద్దాం

లినక్స్ అనేది నిజానికి కెర్నెల్ పేరు. అంటే ప్రాసెసర్, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ కార్డు, వీటన్నిటినీ నడిపించే లోపలి భాగం. 1991 ఆగస్టులో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దాని గురించి మొదటిసారి ప్రకటించారు. 1992లో దాన్ని జీపీఎల్ లైసెన్సు కిందకి తెచ్చారు. ఆ లైసెన్సు సారాంశం ఏంటంటే, ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. కాకపోతే మార్చి పంచేటప్పుడు ఆ మార్పుల సోర్సు కూడా అదే షరతు మీద ఇవ్వాలి.

కానీ కెర్నెల్ ఒక్కటీ ఉంటే మీరు ఏమీ చేయలేరు. కమాండ్లు కావాలి, కంపైలర్ కావాలి, తెర మీద కిటికీలు కావాలి, ప్రింటర్ పనిచేయాలి. కమాండ్లు, కంపైలర్ లాంటివి చాలావరకు రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు నుంచి వచ్చాయి. తెర సంగతి చూసే ఎక్స్ విండో సిస్టమ్ ఇంకోచోట నుంచి వచ్చింది. వీటన్నిటినీ సేకరించి, ఒకదానితో ఒకటి సరిపోయేలా పేర్చి, ఇన్‌స్టాలర్ పెట్టి, అప్‌డేట్లు పంపే పని ఎవరో ఒకరు చేయాలి కదా. ఆ పని చేసేవాళ్ల సరుకునే డిస్ట్రిబ్యూషన్ అంటాం, ముద్దుగా డిస్ట్రో.

1993లో ఒక నెల తేడాతో రెండు డిస్ట్రోలు పుట్టాయి. జూలైలో ప్యాట్రిక్ వోల్కర్డింగ్ స్లాక్‌వేర్, ఆగస్టులో ఇయాన్ మర్డాక్ డెబియన్. రెండూ ఇవాళ్టికీ బతికే ఉన్నాయి. డెబియన్ మీద ఆధారపడి 2004లో ఉబుంటు వచ్చింది, ఉబుంటు మీద ఆధారపడి 2006లో మింట్ వచ్చింది. అంటే కుటుంబ వృక్షం లాగా అన్నమాట. బయటినుంచి చూస్తే వందల పేర్లు. వేర్లు చూస్తే మాత్రం డెబియన్, రెడ్ హ్యాట్, ఆర్చ్, స్లాక్‌వేర్ లాంటి కొద్ది కుటుంబాలే. చాలా డిస్ట్రోల్లో మారేది వాల్‌పేపరు, మెనూ, ముందే వేసి ఇచ్చే ప్రోగ్రాములు, అంతే.

కాబట్టి "వందల ఆపరేటింగ్ సిస్టమ్‌లు" అని కంగారు పడక్కర్లేదు. కెర్నెల్ ఒకటే. గ్నూ కమాండ్లు దాదాపు అన్నిట్లో అవే. బ్రౌజరు అదే, లిబ్రే ఆఫీసు అదే.

గుంతకల్లు స్టేషన్ చెప్పే పాఠం

ఇప్పుడు కొలత గురించి. రైలు పట్టాలతో చెబుతాను. మన దేశంలో ఒకప్పుడు బ్రాడ్ గేజి, మీటర్ గేజి, న్యారో గేజి అని మూడు రకాల పట్టాలు పక్కపక్కనే నడిచాయి. బ్రాడ్ గేజి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు, మీటర్ గేజి 1,000. గుంతకల్లు జంక్షన్‌లో ఈ రెండు గేజిలూ కలిసేవి. బొంబాయి - మద్రాసు లైను బ్రాడ్, బెజవాడ, హుబ్లీ వైపు వెళ్లేవి మీటర్. ఒక గేజి మీద వచ్చిన సరుకు ఇంకో గేజి మీదికి వెళ్లాలంటే వ్యాగన్ ఖాళీ చేసి మళ్లీ ఎక్కించాల్సిందే. 1992లో యూనిగేజ్ ప్రాజెక్టు మొదలయ్యాక ఈ తేడా క్రమంగా పోయింది.

గమనించండి. గేజి ఒకటయ్యాక రైళ్ల రకాలు తగ్గలేదు. ప్యాసింజర్, ఎక్స్‌ప్రెస్, గూడ్సు, ఏసీ బోగీలు, అన్నీ ఉన్నాయి. బోగీల్లో తేడా ఉండటం వైవిధ్యం. పట్టాల్లో తేడా ఉండటం చీలిక. బోగీ తేడా వల్ల ప్రయాణికుడికి లాభం. పట్టాల తేడా ఖర్చు మాత్రం, ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేని వ్యాపారి, కూలీ, ప్రయాణికుడు భరించాడు.

ఓపెన్ సోర్స్‌లో ఏ గొడవ వచ్చినా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఒకటి, ఈ తేడా బోగీలోనా, పట్టాల్లోనా? రెండు, దీని ఖర్చు నిర్ణయం తీసుకున్నవాళ్లు మోస్తున్నారా, మూడోవాడి నెత్తిన పడుతోందా? మూడు, ఇక్కడ చేసిన మంచి పని తిరిగి అందరికీ చేరుతోందా, లేక ఆ గోడల మధ్యే ఉండిపోతోందా?

పట్టాలు కలవకపోతే ఏమవుతుందో యూనిక్స్ చూపించింది

లినక్స్‌కు ముందు యూనిక్స్ ఉండేది. 1980ల్లో ప్రతి పెద్ద కంపెనీ తన సొంత యూనిక్స్ అమ్మేది. సన్, ఐబీఎం, హెచ్‌పీ, డెక్, ఎవరిది వాళ్లదే. ఒకదాని మీద రాసిన ప్రోగ్రాము ఇంకోదాని మీద నేరుగా నడిచేది కాదు. 1988లో ఏటీ అండ్ టీ, సన్ కలవడం చూసి మిగతావాళ్లు ఓపెన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అని ఒక కూటమి పెట్టారు. దానికి పోటీగా వీళ్లు యూనిక్స్ ఇంటర్నేషనల్ పెట్టారు. రెండు శిబిరాలూ ప్రమాణాల పేరుతోనే కొట్టుకున్నాయి. వాళ్లు అలా ఉండగానే 1993లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఎన్‌టీ తీసుకొచ్చింది.

అయితే ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఆ యూనిక్స్‌లు చాలావరకు మూసి ఉంచిన కోడ్. ఒకరు చేసిన మెరుగుదల ఇంకొకరికి అందేది కాదు. అంటే నా మూడో ప్రశ్నకు జవాబు "లేదు". లినక్స్ కెర్నెల్ విషయంలో లైసెన్సే ఆ తలుపు తెరిచి ఉంచింది. ఎవరైనా విడిపోవచ్చు, కానీ విడిపోయినవాళ్ల మంచి పనిని మళ్లీ కలుపుకోవచ్చు. అందుకే ముప్ఫై ఏళ్లు దాటినా కెర్నెల్ ముక్కలు కాలేదు. విడిపోయే హక్కు అందరికీ ఉండటమే కలిసి ఉండటానికి కారణమైంది. వినడానికి వింతగా ఉన్నా నిజం ఇదే.

కేడీఈ, గ్నోమ్: పోటీ పనికొచ్చిన సందర్భం

ఇప్పుడు డెస్క్‌టాప్ దగ్గరికి వద్దాం. 1996లో జర్మనీ విద్యార్థి మథియాస్ ఎట్రిచ్ కేడీఈ మొదలుపెట్టారు. బాగానే తయారవుతోంది, కానీ ఒక చిక్కు. దాని అడుగున వాడిన క్యూటీ లైబ్రరీ నార్వేకి చెందిన ట్రోల్‌టెక్ కంపెనీది. అప్పట్లో దాని లైసెన్సు పూర్తి స్వేచ్ఛ ఇచ్చేది కాదు. దాంతో 1997లో మెక్సికోకి చెందిన మిగెల్ దె ఇకాసా, ఫెదెరికో మేనా గ్నోమ్ అనే రెండో డెస్క్‌టాప్ మొదలుపెట్టారు.

అప్పుడు చాలామంది తలలు పట్టుకున్నారు, ఉన్న పదిమంది ప్రోగ్రామర్లూ రెండు జట్లయ్యారు అని. కానీ జరిగింది చూడండి. పోటీ, ఒత్తిడి పెరిగాయి, చివరికి 2000లో క్యూటీని జీపీఎల్ కింద విడుదల చేశారు. గ్నోమ్ పుట్టకపోతే అది అంత త్వరగా జరిగేదని నేననుకోను. అదే ఏడాది హేవక్ పెన్నింగ్టన్ చొరవతో ఫ్రీడెస్క్‌టాప్ అనే ఉమ్మడి వేదిక వచ్చింది. మెనూలో ప్రోగ్రాము పేరు ఎలా రాయాలి, ఐకాన్లు ఎక్కడ వెతకాలి, ఒక కిటికీలోంచి ఇంకో కిటికీలోకి లాగి వదిలితే ఏం జరగాలి, ఇలాంటివి రెండు జట్లూ కూర్చుని రాసుకున్నాయి. అందువల్లే ఇవాళ కేడీఈ ప్రోగ్రాముని గ్నోమ్‌లో తెరిచినా నడుస్తుంది. పట్టాలు కలిపి, బోగీలు వేరుగా ఉంచుకున్నారు.

2011లో గ్నోమ్ 3 వచ్చినప్పుడు రూపం మొత్తం మారిపోయింది. పాతదే కావాలన్నవాళ్లు గ్నోమ్ 2ని తీసుకుని మాటే అన్నారు. మింట్ వాళ్లు సినమన్ చేశారు. ఉబుంటు అప్పటికే యూనిటీ అని తనది తాను చేసుకుంటోంది. ఆరేళ్ల తర్వాత, 2017లో, ఉబుంటు యూనిటీని పక్కనపెట్టి మళ్లీ గ్నోమ్‌కే వచ్చింది. కంపెనీకి ఖర్చయింది, నిజమే. కానీ ఆ ఖర్చు ఎక్కువగా నిర్ణయం తీసుకున్నవాళ్లే భరించారు. మాటే, సినమన్ ఇవాళ్టికీ ఉన్నాయి, పాత కంప్యూటర్లున్నవాళ్లకి పనికొస్తున్నాయి. దీన్ని నేను వైవిధ్యం కిందే లెక్కేస్తాను.

ప్యాకేజీలు: ఇక్కడ మాత్రం ఖర్చు మూడోవాడిది

అసలు నొప్పి ఎక్కడుందంటే ప్యాకేజీల్లో. మీరొక చిన్న ప్రోగ్రాము రాశారనుకోండి. ఊళ్లో రైస్ మిల్లుకి లెక్కలు చూసే ప్రోగ్రామే అనుకుందాం. విండోస్‌కి ఒక ఇన్‌స్టాలర్ చేస్తే చాలా ఏళ్లు నడుస్తుంది. లినక్స్‌కి ఇవ్వాలంటే? డెబియన్, ఉబుంటులకి డెబ్ ప్యాకేజీ, ఫెడోరా, సూసేలకి ఆర్‌పీఎం, ఆర్చ్‌కి ఇంకోటి. పోనీ మూడూ చేద్దామన్నా, ఒకే కుటుంబంలో కూడా వెర్షన్ వెర్షన్‌కీ లైబ్రరీలు మారతాయి. పోయినేడు చేసిన ప్యాకేజీ ఈ ఏడు ఎక్కకపోవచ్చు.

ఈ మాట బయటివాళ్లు అంటే ఈర్ష్య అనుకోవచ్చు. కానీ సాక్షాత్తూ టోర్వాల్డ్సే 2014లో డెబియన్ సమావేశంలో కూర్చుని ఈ బాధ చెప్పుకున్నారు. ఆయనకి సముద్రంలో డైవింగ్ సరదా. డైవింగ్ వివరాలు నమోదు చేసుకునే సబ్‌సర్ఫేస్ అనే ప్రోగ్రాము ఆయనే మొదలుపెట్టారు. దానికి విండోస్, మ్యాక్ బైనరీలు ఇస్తున్నాం గానీ లినక్స్‌కి ఇవ్వడం మాత్రం తలనొప్పిగా ఉందని ఆయన గోడు. లినక్స్‌ని పుట్టించినవాడే తన ప్రోగ్రాముని లినక్స్ వాళ్లకి సులువుగా ఇవ్వలేకపోతే, రైస్ మిల్లు ప్రోగ్రాము రాసిన కుర్రాడి పరిస్థితి ఏంటి?

దీన్ని సరిచేద్దామని ప్రయత్నాలు జరగలేదా అంటే జరిగాయి. లినక్స్ స్టాండర్డ్ బేస్ అని ఒక ప్రమాణం, 2001లో మొదటి వెర్షన్ వచ్చింది. అన్ని డిస్ట్రోల్లో కనీసం ఈ ఈ లైబ్రరీలు ఇలా ఉండాలి, ప్యాకేజీ ఆర్‌పీఎం అయి ఉండాలి అన్నారు. డెబియన్ పద్ధతేమో డెబ్. పుట్టుకలోనే ఒక పెద్ద కుటుంబానికి అది ఇరుకు చొక్కా అయింది. ఆ ప్రమాణం ప్రకారం తయారైన సాఫ్ట్‌వేర్ కూడా పెద్దగా రాలేదు. 2015లో డెబియన్ దాన్ని చాలావరకు వదిలేసింది. ప్రమాణం కాగితం మీద ఉంటే చాలదు, వాడేవాడికి లాభం కనిపించాలి అని దీన్నిబట్టి అర్థమవుతుంది.

తర్వాత వచ్చిన దారి వేరు. ప్రోగ్రాము తనకి కావలసిన లైబ్రరీలు తనతోనే తెచ్చుకుంటుంది, లేదా ఒక ఉమ్మడి పునాది మీద నిలబడుతుంది. ఫ్లాట్‌ప్యాక్, స్నాప్, యాప్‌ఇమేజ్ ఆ కోవలోవే. ఆలోచన మంచిది, ఒకసారి చేస్తే అన్నిచోట్లా నడవాలి. కానీ చీలికని పోగొట్టడానికి వచ్చిన మందు కూడా మూడు సీసాల్లో వచ్చింది! ఉబుంటు కంపెనీ స్నాప్ వైపు నిలబడింది. మింట్ 2020లో స్నాప్‌ని డిఫాల్ట్‌గా అడ్డుకుంది. 2023లో ఉబుంటు రకాలన్నీ ఫ్లాట్‌ప్యాక్‌ని ముందే వేసి ఇవ్వడం మానేశాయి. ఇది పట్టాల దగ్గర తగాదా. ఖర్చు ప్రోగ్రాము రాసేవాడిది, వాడేవాడిది. అందుకే దీన్ని నేను చీలిక అనే అంటాను. కాకపోతే పాత రోజులకంటే నయం. ఏ డిస్ట్రోలోనైనా వీటిలో ఏదో ఒకటి మీరే వేసుకోవచ్చు.

సిస్టమ్‌డీ: కలవడానికి కూడా ఖరీదు ఉంది

కలపడం ఎప్పుడూ మంచిదేనా? సిస్టమ్‌డీ కథ వినండి. కంప్యూటర్ ఆన్ చేయగానే ఏ సర్వీసు ముందు లేవాలి, ఏది తర్వాత అని చూసే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. ఉబుంటు 2006లో అప్‌స్టార్ట్ అని ఒకటి చేసింది. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ సిస్టమ్‌డీ మొదలుపెట్టారు. డెబియన్ దేన్ని తీసుకోవాలి అని నెలల తరబడి చర్చ నడిచింది. 2014 ఫిబ్రవరిలో సాంకేతిక కమిటీ ఓట్లు సమానంగా చీలిపోతే, ఛైర్మన్ ఓటుతో సిస్టమ్‌డీ గెలిచింది. కొద్దిరోజుల్లోనే ఉబుంటు కూడా తన అప్‌స్టార్ట్‌ని వదిలి ఇటే వస్తామంది. ఒప్పుకోని కొందరు అదే ఏడాది చివర్లో దేవుఆన్ అనే డిస్ట్రో ప్రకటించారు.

లాభం ఏంటి? ఇవాళ ఒక సర్వీసు ఫైలు రాస్తే దాదాపు అన్ని పెద్ద డిస్ట్రోల్లో నడుస్తుంది. సర్వర్లు చూసుకునేవాళ్లకి ఇది ఎంత హాయో వాళ్లనే అడగండి. మరి నష్టం? ఒకేచోట ఎక్కువ అధికారం చేరింది, వద్దనుకునేవాడికి దారి ఇరుకైంది. అయినా దేవుఆన్ వాళ్ల నోరు ఎవరూ నొక్కలేదు. ఒప్పుకోనివాళ్లు విడిగా చేసుకున్నారు, తమ ఖర్చు తామే భరిస్తున్నారు. ఒక సంఘం ఇలాంటి గొడవని ఇంతకంటే మర్యాదగా తేల్చుకోవడం కష్టం.

అందరం ఒకటే వాడితే?

ఇప్పుడు వైవిధ్యం తరఫున నా గట్టి సాక్ష్యం. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ ప్రోగ్రామర్ ఒక విషయం బయటపెట్టారు. తన డెబియన్ పరీక్ష వెర్షన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి సుమారు అర సెకను ఎక్కువ పడుతోంది. ఎందుకా అని తవ్వితే, ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో ఎవరో దొంగ తలుపు పెట్టారని తేలింది. మారుపేరుతో వచ్చిన ఒక వ్యక్తి ఏళ్ల తరబడి బుద్ధిమంతుడిలా పనిచేసి, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఆ కోడ్ దూర్చాడు.

మరి ప్రపంచం ఎందుకు మునగలేదు? అన్ని డిస్ట్రోలూ ఒకే వేగంతో నడవవు కాబట్టి. డెబియన్ పరీక్ష శాఖలు, ఫెడోరా ముందస్తు వెర్షన్లు, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ లాంటి వేగంగా కదిలేవాటిలోకి అది చేరింది. డెబియన్ స్టేబుల్, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్, ఉబుంటు దీర్ఘకాల వెర్షన్లలోకి చేరలేదు. ఆర్చ్‌లోకి లైబ్రరీ వచ్చింది గానీ అక్కడ ఎస్‌ఎస్‌హెచ్ దానికి తగిలించి లేదు. ముందు నడిచేవాడి కాలికి ముల్లు గుచ్చుకుంటే వెనకవాళ్లు ఆగిపోయారన్నమాట.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. అసలు ఎస్‌ఎస్‌హెచ్‌కీ ఎక్స్‌జెడ్‌కీ సంబంధమే లేదు. సిస్టమ్‌డీతో మాట్లాడటానికని కొన్ని డిస్ట్రోలు సొంతంగా వేసుకున్న ప్యాచ్ వల్ల ఆ దారి ఏర్పడింది. అంటే డిస్ట్రో చేసుకున్న ప్రత్యేకతే ఇక్కడ కన్నం అయింది. వైవిధ్యం రక్షించింది, వైవిధ్యమే దారీ ఇచ్చింది. కానీ మొత్తం మీద చూస్తే దెబ్బ చిన్నదయింది.

దీని పక్కన అదే ఏడాది జూలై 19 పెట్టి చూడండి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌కి సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెర వేసుకుని కూర్చున్నాయని మైక్రోసాఫ్ట్ లెక్క. విమానాలు ఆగాయి, ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి. ఎకరాలకెకరాలు ఒకే విత్తనం వేస్తే ఒకే పురుగు మొత్తం తినేస్తుందని మన రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో సాక్ష్యం సెంట్‌ఓఎస్. ఎన్నో సంస్థలు సర్వర్లలో ఉచితంగా వాడుకునేవి. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయనుకున్న సెంట్‌ఓఎస్ 8, 2021 చివరితోనే ఆగిపోతుందని 2020 డిసెంబరులో రెడ్ హ్యాట్ ప్రకటించింది. మూసి ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే ఏడుస్తూ డబ్బు కట్టడమే. ఇక్కడ కొద్ది నెలల్లోనే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ వచ్చేశాయి. విడిపోయే హక్కు అంటే బీమా పాలసీ లాంటిది. రోజూ అవసరం పడదు. పడిన రోజు మాత్రం అదే దిక్కు.

అలాగే 1995లో నెట్‌బీఎస్‌డీ నుంచి విడిపోయి థియో ది రాట్ ఓపెన్‌బీఎస్‌డీ పెట్టారు. చిన్న సంఘం. కానీ 1999లో వాళ్ల దగ్గర పుట్టిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఇవాళ దాదాపు లినక్స్ సర్వర్లన్నిటిలో ఉంది. ఆ చీలిక జరగకపోతే మనకి అది దక్కేదా? మూడో ప్రశ్న గుర్తుంది కదా, మంచి పని తిరిగి అందరికీ చేరిందా అని. ఇక్కడ చేరింది.

మన తెలుగు సంగతి

ఇదంతా అక్కడెక్కడో జరిగింది, మనకేంటి అనుకోకండి. చీలిక నొప్పి తెలుగువాళ్లకి బాగా తెలుసు. యూనికోడ్ వాడకంలోకి రాకముందు ఒక్కో తెలుగు పత్రిక వెబ్‌సైటుకి ఒక్కో ఫాంటు. ఫాంటు దించుకోకపోతే తెర మీద పిచ్చి గీతలు. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టింది ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే చదవలేం. ఆ పేజీలని యూనికోడ్‌లోకి మార్చడానికే పద్మ అని ఫైర్‌ఫాక్స్‌కి ఒక పొడిగింపు పుట్టింది. అక్షరానికి సంకేతం ఏంటి అన్న పునాది దగ్గరే తేడా, అదే గేజి తేడా. ఇవాళ మండలి, గిడుగు, రామభద్ర, ఎన్ని ఫాంట్లైనా ఉండనీయండి, అన్నిటి కింద సంకేతం ఒకటే. ఏ ఫాంటులో రాసినా ఎక్కడైనా చదవొచ్చు, వెతకొచ్చు. అప్పుడున్నది చీలిక, ఇప్పుడున్నది వైవిధ్యం. అందం తగ్గలేదు, ఫాంట్లు పెరిగాయి కూడా.

లినక్స్‌లోనూ ఇదే జరిగింది. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పేర్చే పనిని గ్నోమ్ వైపు ప్యాంగో చేసేది, కేడీఈ వైపు క్యూటీ సొంతంగా చేసుకునేది, ఓపెన్ ఆఫీసు ఐసీయూ వాడేది. ఒక ప్రోగ్రాములో బాగున్న మాట ఇంకోదాంట్లో ఒత్తు ఊడి కనిపించేది. బేహ్‌దాద్ ఎస్ఫాబోద్ ముందుండి నడిపిన హార్ఫ్‌బజ్ ఈ పనిని ఒక్కచోటికి తెచ్చింది. ఇవాళ ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రే ఆఫీసు, గ్నోమ్, ఆండ్రాయిడ్ అన్నీ దాన్నే వాడతాయి. ఒక్కచోట తెలుగు సరిచేస్తే అన్నిచోట్లా సరవుతుంది.

అయితే ఒక్కచోటే ఉంటే ప్రమాదం కూడా ఉంటుందని చెప్పాను కదా. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరం ఒక ప్రత్యేక క్రమంలో వస్తే ఐఫోన్లు, మ్యాక్‌లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ పరికరాలన్నిటికీ అక్షరాలు పేర్చేది ఒకటే వ్యవస్థ కాబట్టి అన్నీ ఒకేసారి పడ్డాయి. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. కాబట్టి పునాది ఒకటే ఉన్నప్పుడు దాని మీద ఎక్కువ కళ్లుండాలి. తెరిచిన కోడ్ అయితే ఆ కళ్లలో మనవీ ఉండొచ్చు.

ఇక నాకు నిజంగా బెంగ కలిగించే సంగతి అనువాదం. హైదరాబాదు స్వేచ్ఛ వాళ్లు తెలుగు డెస్క్‌టాప్ చేశారు. సీడాక్ 2007 నుంచి బాస్ లినక్స్ ఇస్తోంది, అది భారతీయ భాషల్లో ఉంటుంది. రెండూ డెబియన్ మీదే నిలబడ్డాయి, అది మంచి పద్ధతి. కానీ గ్నోమ్‌కి తెలుగు అనువాదం ఒకచోట, కేడీఈకి ఇంకోచోట, ఎక్స్‌ఎఫ్‌సీఈకి మరోచోట. ఒకదాంట్లో "దస్త్రం", ఇంకోదాంట్లో "ఫైలు". ఒకచోట "భద్రపరచు", ఇంకోచోట "దాచు". ఇంగ్లీషుకి, జర్మన్‌కి వందల చేతులున్నాయి, నాలుగు డెస్క్‌టాప్‌లున్నా సర్దుకుంటారు. మనకి ఈ పని చేసేవాళ్లు చాలా తక్కువ. ఆ కొద్దిమందీ నాలుగు దిక్కులా చెదిరితే నాలుగూ సగంసగమే మిగులుతాయి. సగం తెలుగు, సగం ఇంగ్లీషు ఉన్న మెనూ చూసినవాడు మళ్లీ ఇంగ్లీషుకే మారిపోతాడు. నేనొక డిగ్రీ కాలేజీ ల్యాబులో పిల్లలు సరిగ్గా అదే చేయడం చూశాను. వాళ్లకి తెలుగంటే ఇష్టం లేక కాదు, సగం వండిన అన్నం ఎవరూ తినలేరు.

చేతులు తక్కువున్నచోట చీలిక ఖరీదు ఎక్కువ. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

మరి మనం ఏం చేయాలి?

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పేర్ల జాబితా చూసి భయపడకండి. పెద్ద కుటుంబంలోంచి ఒకటి తీసుకోండి. డెబియన్, ఉబుంటు, మింట్, ఫెడోరా, ఏదైనా పర్వాలేదు. మీ చుట్టుపక్కల ఎవరైనా ఏది వాడుతుంటే అదే మీకు మంచిది. ఇబ్బంది వస్తే అడగడానికి మనిషి ఉంటాడు. స్కూలు, ఆఫీసు ల్యాబు అయితే అన్ని యంత్రాల్లో ఒకటే దీర్ఘకాల వెర్షన్ వేయండి. మీ డాక్యుమెంట్లు మాత్రం తెరిచిన ఫార్మాట్లలో దాచుకోండి. అప్పుడు రేపు డిస్ట్రో మారినా మీ సరుకు వ్యాగన్ మార్చక్కర్లేదు.

ప్రోగ్రాములు రాసే కుర్రాళ్లకి ఒక మాట. "నేనూ ఒక డిస్ట్రో చేశాను" అని చెప్పుకోవడం బాగానే ఉంటుంది, నేర్చుకోవడానికి చేయండి, తప్పులేదు. కానీ నలుగురికీ పనికిరావాలంటే ముందు ఆ మూడు ప్రశ్నలు వేసుకోండి. మీరు చేయాలనుకున్న మార్పు డెబియన్‌లోనో, గ్నోమ్‌లోనో, హార్ఫ్‌బజ్‌లోనో నేరుగా చేరిస్తే వాళ్ల కింద ఉన్న అన్ని డిస్ట్రోలకీ అందుతుంది. వాళ్లు వద్దంటే, మీ కారణం గట్టిదైతే, అప్పుడు విడిపోండి. ఆ హక్కు మీకుంది. విడిపోయినా పట్టాలు మాత్రం మార్చకండి.

తెలుగు కోసం ఏదైనా చేయాలని ఉన్నవాళ్లు కొత్త తెలుగు ఓఎస్ అనుకోకుండా, ఉన్న ఒక డెస్క్‌టాప్‌ని పూర్తిగా తెలుగు చేయడానికి చేయి వేయండి. అందరూ ఒకే పదకోశం వాడండి. "దస్త్రం"ఓ "ఫైలు"ఓ, ఏదో ఒకటి తేల్చుకుని అన్నిచోట్లా అదే పెట్టండి. రోజుకి పది వాక్యాలు చేసినా ఏడాదికి చాలా అవుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ అనువాదం పని ఎలా మొదలుపెట్టాలో, ఏ ఖాతా తెరవాలో, మొదటి వాక్యం ఎలా పంపాలో తెర మీద చేసి చూపిస్తాను. ఒక ల్యాప్‌టాప్, గంట తీరిక ఉంటే చాలు. అప్పటిదాకా సెలవు, నమస్తే.